సైదులు విరుపు

27 జనవరి 2025, సోమవారం

ఎరువుల కొట్టు వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఇరవై ఆరు రోజులుగా బీరువా మీద ఊరికే పడి ఉంది. ఇవ్వాళ మొదలుపెట్టకపోతే ఇంకెప్పుడు మొదలుపెడతాను!

మా రుక్సానా మలేషియా వెళ్తోంది. పాట పోటీకి! ఎన్నో దేశాల నుంచి పంపిన పాటలు విని, చివరికి పన్నెండు మందిని మాత్రం రమ్మన్నారట. ఆ పన్నెండు మందిలో మా పాప! సన్నాయి మేళం షేక్ సైదులు కూతురు! నా చదువు ఐదో తరగతి. రాతలో తప్పులుంటే ఉండనీ. చదువుకునేది నేనే గదా.

కబురు తెలిసినప్పుడు వాకిట్లో కూర్చుని సన్నాయి మూతికి పెట్టి ఊదే పీకెలు ఎండబెడుతున్నాను. పాప పరుగెత్తుకొచ్చి ఫోను నా మొహానికి ఆనించినంత పని చేసింది. "నాయనా, రమ్మన్నారు!" లేచే తొందరలో నాలుగు పీకెలు నా కాలి కిందే నలిగిపోయాయి. ఒక్కో పీకె అదుపులోకి రావడానికి నెల పడుతుంది. ఇంకో రోజయితే నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఇవ్వాళ విరిగిన పీకెల్ని చూసి కూడా నవ్వొచ్చింది.

మా ఇంటిది హసీనా సేమ్యా పాయసం కాచి వీధంతా పంచింది. ప్రభ కమిటీ పెద్ద వెంకట్రామయ్య గ్లాసు పట్టుకుని మా అరుగు మీదే కూర్చున్నాడు. "సైదులన్నా, నువ్వు ఈ డెబ్భై ఒక్క ఏళ్ళలో కోటప్పకొండ దాటి ఊదలా. నీ కూతురు సముద్రం దాటి పాడబోతంది. నువ్వేందయ్యా ఇట్టా ఏడుస్తావు?" అన్నాడు. ఏడుస్తున్నానని అతను చెప్పేదాకా నాకు తెలియదు.

అల్లా దయ. కొండ మీది కోటయ్య దయ. పాపకు పాట నేర్పిన పేట టీచరమ్మ సుబ్బరత్నమ్మ గారి దయ. ఇంకా ఎవరెవరి దయలు ఉన్నాయో అన్నిటికీ దణ్ణం.

29 జనవరి, బుధవారం

పోటీలో తోడి రాగం పాడతానంది పాప. టీచరమ్మ ఇంకేదో రాగం అన్నారట, పాప ఒప్పుకోలేదు. ఎందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు! తోడి అంటే మా ఇల్లు.

నా తోడిలో ఒక మలుపుంది. నలభై ఏళ్ళ కిందట శివరాత్రికి, బండి మీద ఆకాశమంత ఎత్తున కట్టిన మా ఊరి ప్రభ కోటప్పకొండకు బయల్దేరే వేళ మొదటిసారి ఊదాను. గాంధారం, మధ్యమం ఎక్కి, ధైవతం మీద నిలబడి, అక్కడ ఒక్కసారిగా గాలి ఆపేస్తాను. ఏమీ ఉండదు. ఆ ఖాళీలో డోలు మీద ఒకే ఒక్క దెబ్బ పడుతుంది. పంచమం జోలికి పోకుండా మళ్ళీ మధ్యమం మీద దిగుతాను. ఆ రోజు జనం ఈలలు వేశారు. 'సైదులు విరుపు' అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. వెంకట్రామయ్య వాళ్ళ నాయన బండి మీదికి ఎక్కి నా చేతికి వెండి కడియం తొడిగాడు. ఇప్పటికీ ఏ పెళ్ళికి పోయినా "ఆ విరుపు ఒక్కసారి పడాలి సైదులూ" అంటారు.

ఇవ్వాళ పొద్దున దాన్ని పాపకు మళ్ళీ చెప్పాను.

"అక్కడ ఊపిరి చప్పుడు కూడా వినపడగూడదమ్మా. ఆ ఖాళీయే మన ఆస్తి."

"ఇది నీకెట్టా తోచింది నాయనా?"

"దేవుడిచ్చాడు."

పాప నా వంక కాసేపు చూసి, ఫోన్లో తంబూరా పెట్టుకుంది.

2 ఫిబ్రవరి, ఆదివారం

జైనాబ్‌కు కబురు చెప్పొద్దా అంటుంది హసీనా. జైనాబ్ బీ నా చెల్లెలు. శావల్యాపురంలో పరుపులు, బొంతలు కుడుతుంది. నలభై ఏళ్ళుగా మా గడప తొక్కలేదు. మా పెళ్ళి విందులో వాళ్ళాయనకు ముక్కలు తక్కువ పడ్డాయని అలక. అంత చిన్నదానికి! చెప్పినా రాదు.

5 ఫిబ్రవరి, బుధవారం

పాప క్లాసు నుంచి ఆలస్యంగా వచ్చింది. చున్నీ మీద, జడలో దూది.

"పాట క్లాసులో దూదెక్కడిదే?"

"బస్సులో పక్కన పరుపులోళ్ళు కూర్చున్నారు నాయనా."

హసీనా ఆ దూది పింజలన్నీ ఒక్కొక్కటే ఏరింది. మామూలుగా అయితే బస్సుల్నీ బస్సుల్లో జనాన్నీ తిట్టాల్సింది.

7 ఫిబ్రవరి, శుక్రవారం

విరుపు దగ్గర పాప ఖాళీ వదులుతోంది గానీ పెదవి కదులుతోంది. భయం వల్ల అనుకుంటా.

10 ఫిబ్రవరి, సోమవారం

పాప బయల్దేరింది. టీచరమ్మ కూడా వెళ్తున్నారు. పేటలో హైదరాబాదు బస్సు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను. బస్టాండులో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. టీ కొట్టు అతనికి రెండుసార్లు చెప్పానట. "తెలుసు సాయిబు గారూ, మలేషియా" అన్నాడు!

బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి పోయి అడిగాను.

"ఆ మలుపు ఎవరిదని ఎవరన్నా అడిగితే ఏం చెప్తావమ్మా?"

"నిజమే చెప్తా నాయనా."

అంతే! ఇంక నాకేం కావాలి! నా పేరు నేను ఏనాడూ మైకులో చెప్పుకోలేదు, ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. కానీ పరాయి దేశంలో, పెద్ద పెద్ద విద్వాంసుల ముందు, నా బిడ్డ నోటి వెంట! ఇంటిదాకా నడిచే వచ్చాను. ఆటో ఎక్కాలన్న సంగతే గుర్తు రాలేదు.

హసీనా మళ్ళీ జైనాబ్ మాట ఎత్తింది. జైనాబ్‌కు ఆయాసం, ప్రయాణాలు పడవు. మనం పోదామన్నా శావల్యాపురానికి సరైన బస్సు లేదు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

రేపే! మన టైము ప్రకారం పదకొండు గంటలకట. వెంకట్రామయ్య పంచాయతీ ఆఫీసులో పెద్ద టీవీ పెట్టిస్తున్నాడు. సచివాలయంలో పనిచేసే భావన అనే పిల్ల ఫోన్లోంచి టీవీలోకి కలుపుతుందట. కడియం చింతపండుతో తోమాను. తళతళలాడుతోంది.

15 ఫిబ్రవరి, శనివారం

రాస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అరవై మంది దాకా వచ్చారు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పాప ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. కూర్చోగానే దణ్ణం పెట్టింది. నాకే పెట్టినట్టనిపించి నేనూ చేతులు జోడించాను. అందరూ నవ్వారు.

తోడి అందుకుంది. ఏం గొంతమ్మా అది! కింది స్థాయిలో నా సన్నాయి పలికినట్టే పలికింది. నేను కళ్ళు మూసుకున్నాను. మలుపు దగ్గరికి వస్తోంది. గాంధారం. మధ్యమం. ధైవతం. నా చెయ్యి దానంతటదే లేచింది, ఆగు అని చెప్పడానికి.

ఆగలేదు.

ధైవతం నుంచి పంచమం మీదికి వాలింది. వాలి, అక్కడే కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టిన చోట అది నింపాదిగా, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆ తర్వాత మధ్యమానికి దిగింది. కళ్ళు తెరిచి చూస్తే పరీక్ష పెట్టే పెద్దల్లో ఒకాయన చెయ్యి గుండె మీద పెట్టుకుని ఉన్నాడు.

తప్పు పాడింది. నలభై ఏళ్ళ విరుపుని పూడ్చేసింది. భయంలో మర్చిపోయి ఉంటుంది.

పాట అయ్యాక ఆ పెద్దాయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పాప మైకు దగ్గరికి జరిగి ఇంగ్లీషులోనే చెప్పింది. నాకు ఇంగ్లీషు రాదు. పేర్లకి ఇంగ్లీషు ఏం కావాలి? జైనాబ్ బీ, అంది. శావల్యాపురం, అంది. మళ్ళీ ఒకసారి, జైనాబ్ బీ. నేను ముందుకు వంగి కూర్చున్నాను. ఇంకా ఉంటుంది అనుకున్నాను. అయిపోయింది. చప్పట్లు.

"జైనాబ్ బీ ఎవురు సైదులన్నా?" వెంకట్రామయ్య అడిగాడు.

"అక్కడ మనోళ్ళకి అన్నం పెడుతున్న ఆమె. మలేషియా ఆమె" అన్నాను.

భావనకు ఇంగ్లీషు వచ్చు. నా వంక ఒక్కసారి చూసి తల దించుకుని వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టింది. శావల్యాపురం మలేషియాలో ఎప్పుడు కట్టారని ఎవరూ అడగలేదు. అందరూ సంతోషంలో ఉన్నారు.

రెండో బహుమతి. రాగం బాగా పాడినందుకు వేరే మెడల్ కూడా. ఆ పంచమం పాడకుండా ఉంటే మొదటిదే వచ్చేది.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఫోను నాలుగుసార్లు మోగింది. ఎత్తలేదు.

17 ఫిబ్రవరి, సోమవారం

ఎత్తాను. రాయక తప్పదు, లోపల పెట్టుకుంటే పగిలిపోతాను.

"పంచమం ఎందుకు పాడావు?"

"అది అక్కడ ఉంది కాబట్టి నాయనా."

"ఎవురు చెప్పారు ఉందని?"

"అత్త."

"నా పేరు చెప్తానని పోయావు."

"నిజం చెప్తానన్నా. నీకు పాట ఎవరు నేర్పారంటే నీ పేరే చెప్పేదాన్ని. ఆయన ఆ మలుపు ఎవరిదని అడిగాడు."

"ఎన్నాళ్ళ నుంచి పోతున్నావు ఆ ఇంటికి?"

"మూడేళ్ళు. శావల్యాపురంలో ఒక పెళ్ళిలో నేను పాడితే అత్త వచ్చింది. విరుపు దాకా విని లేచి పోయింది. ఎందుకు పోయావని ఇంటికెళ్ళి అడిగా. అప్పట్నుంచి. నువ్వే చెప్తావని చూశా నాయనా. మూడేళ్ళు అడిగీ అడక్కుండా అడిగా. ప్రతిసారీ దేవుడిచ్చాడన్నావు."

పెట్టేశాను. హసీనా పక్కనే నిలబడి ఉంది. "నీకు తెలుసా?" అన్నాను. "తెలుసు" అంది. చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

మూడేళ్ళు! ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తిని! నా కళ్ళ ముందు నా బిడ్డ జడలోంచి దూది ఏరింది ఈ మనిషి!

18 ఫిబ్రవరి, మంగళవారం

సొంత కూతురు. సొంత కూతురు. శత్రువు చేస్తే సర్దుకుంటాను.

వీధిలో "కంగ్రాట్స్ బాబాయ్" అంటుంటే నవ్వాల్సి వస్తోంది. నవ్వి నవ్వి దవడలు నొప్పి. జీవితంలో ఇంత ద్రోహం నాకు ఎవరూ చెయ్యలేదు. జైనాబ్ కాచుకుని కూర్చుంది. నలభై ఏళ్ళు కాచుకుని, నా బిడ్డనే నా మీదికి పంపింది.

19 ఫిబ్రవరి, బుధవారం

సరే. ఎవరూ చదవరు కదా. రాస్తాను.

మా ఇళ్ళల్లో ఆడపిల్ల సన్నాయి పట్టుకోకూడదు. జైనాబ్ ఎనిమిదో ఏట నాయన పీకె నోట్లో పెట్టుకుంటే నాయన దాని వేళ్ళ మీద కొట్టాడు. ఆ తర్వాత అది సన్నాయి వంక చూడలేదు. అమ్మతో కూర్చుని దూది ఏకేది. ఏకే విల్లు తీగ మోగుతుంటే ఆ మోతనే శృతి చేసుకుని లోపల్లోపలే పాడుకునేది. నోరు తెరిచి కాదు. ముక్కుతో, మూలిగినట్టు.

నేను తడిక ఇవతల సాధన చేస్తూ వినేవాణ్ణి. తోడి. గాంధారం, మధ్యమం, ధైవతం... అప్పుడు విల్లు టంగుమనేది... మళ్ళీ మధ్యమం. అంత అందమైన మలుపు నాయన దగ్గర కూడా వినలేదు. విల్లు మోగిన చోట నా దగ్గర విల్లు లేదు గదా. అందుకని అక్కడ గాలి ఆపేసి, డోలు మీద ఒక దెబ్బ వెయ్యమన్నాను.

విన్నాను. అంతే. తడిక అవతల దూది దుమ్ములో కలిసిపోయేదాన్ని నేను ప్రభ ముందుకు తెచ్చాను. నేను ఊదకపోతే అది లోకానికి తెలిసేదా? జైనాబ్ ఏ నాడన్నా నోరు విప్పి నాది అందా?

ఇవ్వాళ హసీనానూ ఇదే అడిగాను. "అందయ్యా" అంది. "కడియం తొడిగిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి అడిగింది. 'అన్నా, నా పేరు చెప్పావా?' అని. నేను కొత్త కోడల్ని, తలుపు వెనక ఉన్నా. నువ్వేమన్నావో చెప్పనా?"

వద్దన్నాను.

"'ఆడదాని పేరు ప్రభ మీద ఎవరు చెప్తారే' అన్నావు. ఆ పూట అన్నం తినకుండా పోయింది ఆ మనిషి. నువ్వేమో ముక్కలు తక్కువ పడ్డాయని చుట్టాల్లో చెప్పుకున్నావు."

నేను వద్దన్నాక కూడా చెప్పింది.

అయినా కూతురు చెయ్యాల్సిన పని కాదు ఇది. నాతో చెప్పి ఉండొచ్చు. నిలదీసి ఉండొచ్చు. అరవై మంది ముందు నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి...

21 ఫిబ్రవరి, శుక్రవారం

పాప వచ్చింది. ముందు ఇంటికి రాలేదు. హైదరాబాదులో దిగి నేరుగా శావల్యాపురం వెళ్ళి, అక్కడ అన్నం తిని, సాయంత్రానికి ఇక్కడికి వచ్చింది. బహుమతి షీల్డు నా కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టింది.

"మెడల్ ఏది?"

"అత్త దగ్గర."

నేను లేచి దొడ్లోకి పోయాను. పాప వెనకే వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. నేను ఎండిపోయిన పీకెలకు దారం చుడుతూ ఉన్నాను. చుట్టిన దారమే మళ్ళీ విప్పి చుట్టాను.

"శివరాత్రికి ఏం ఊదుతావు నాయనా?" అంది చివరికి.

"నీకెందుకు?"

"వెంకట్రామయ్య బాబాయ్ దారిలో కనపడ్డాడు. ప్రభ ముందు నీకు సన్మానమంట. విరుపు ఊదాలంట."

పీకెలు తీసుకుని లోపలికి వచ్చేశాను. బహుమతి తెచ్చిన బిడ్డను దగ్గరికి తీసుకోలేదు. ఈ వాక్యం రాశాక కాసేపు కలం పెట్టేసి మళ్ళీ తీశాను.

23 ఫిబ్రవరి, ఆదివారం

శావల్యాపురం వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. కడియం జేబులో వేసుకున్నాను.

పోట్లాడటానికే వెళ్ళాను. నిజం రాస్తున్నాను కదా ఇప్పుడు, ఇదీ రాస్తాను.

ఇంటి ముందు రేకుల పంచలో దూది ఏకే మిషను మోగుతోంది. జైనాబ్ ముక్కుకు గుడ్డ కట్టుకుని, కనుబొమ్మల మీద తెల్లగా దుమ్ముతో మిషను దగ్గర ఉంది. ముసలిదైపోయింది. నన్ను చూసింది. మిషను ఆపలేదు. దూదంతా అయ్యేదాకా ఏకింది. నేను ఎండలో నిలబడ్డాను. తర్వాత ఆపి, ముక్కు గుడ్డ కిందికి లాక్కుంది.

"పరుపా, బొంతా?"

"ఏందమ్మా జైనాబూ, అన్నని పట్టుకుని..."

"అన్నయితే దిండు తీసుకో. నలభై ఏళ్ళు నిద్ర పట్టి ఉండదు."

తడుముకోకుండా అంది. ఎన్నాళ్ళ కిందట తయారుచేసుకున్న మాటో. లోపలికి రమ్మనలేదు గానీ బల్ల మీద దూది పక్కకు నెట్టింది. కూర్చున్నాను. గోడకు పాత ఏకే విల్లు, మా అమ్మ విల్లు, మేకుకు వేలాడుతోంది. అదే మేకుకు మలేషియా మెడల్.

"నా కూతురికి పంచమం నువ్వే నేర్పావా?"

"నేర్పలా. అదే అడిగింది. 'అత్తా, నాయన అక్కడ ఎందుకాగుతాడు' అని. నాకేం తెలుసమ్మా, ఆయాసమేమో అన్నా."

"ఆయాసం కాదు. నువ్వు పాడేటప్పుడు అక్కడ విల్లు మోగేది. ఆ చోటు విల్లుది అనుకున్నా. నా దగ్గర విల్లు లేదు గదా, అందుకని ఖాళీ వదిలా."

జైనాబ్ నన్ను అలాగే చూసింది. లేచి మెడల్ పక్కకు తీసి, విల్లు దించి, తీగ మీద ఒకటి కొట్టింది. టంగుమంది. నేను యాభై ఏళ్ళకు పైగా శృతి వింటున్నవాణ్ణి. అది షడ్జం. ఒట్టి షడ్జం.

"ఇందులో పంచమం యాడుందన్నా?"

లేదు. ఇంకోసారి కొట్టింది. లేదు.

తర్వాత మెల్లగా పాడింది. అప్పట్లాగే, ముక్కుతో. గొంతు దూదితో దెబ్బతిని బొంగురుపోయింది. గాంధారం, మధ్యమం, ధైవతం, అక్కడ విల్లు మోగింది, ఆ మోత కింద, దాన్ని ఆనుకుని, పంచమం. ఎప్పుడూ అక్కడే ఉంది. ఎంత నింపాదిగా కూర్చుందో! పాప పాడింది అదే, అచ్చం అదే.

"కట్టె పలికిందనుకున్నావు గానీ" అంది, "చెల్లెలు పలికిందనుకోలా."

నవ్వుతూనే అంది. కానీ విల్లు మేకుకు తగిలించడానికి మూడుసార్లు చెయ్యి ఎత్తాల్సి వచ్చింది, మేకు కనపడనట్టు.

కడియం తీసి బల్ల మీద పెట్టాను. జైనాబ్ ముట్టుకోలేదు.

"ఇది ఖాళీకి ఇచ్చారు నీకు. ఖాళీ నీదే, ఉంచుకో. నాది నాకు పిల్ల తెచ్చి ఇచ్చింది."

"శివరాత్రికి ప్రభ ముందు..."

"నాకు చెప్పమాక. ఏం చేస్తావో చెయ్యి. పో, ఎండెక్కుతంది. మజ్జిగ తాగి పో."

మజ్జిగ ఇచ్చింది. గ్లాసులో ఒక దూది పోగు తేలుతోంది. దాంతోటే తాగేశాను.

24 ఫిబ్రవరి, సోమవారం

ద్రోహం అనే మాట ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో చూద్దామని వెనక్కి తిప్పాను. ఒక్కసారే ఉంది. పేజీ పేజీకీ రాశాననుకున్నాను.

25 ఫిబ్రవరి, మంగళవారం

దొడ్లో సాధన చేశాను. నలభై ఏళ్ళ అలవాటు, ధైవతం రాగానే గాలి దానంతటదే ఆగిపోతోంది. వేళ్ళు పంచమానికి పోవడం లేదు. పాప వచ్చి ఎదురుగా కూర్చుని గొంతుతో అందించింది. పదిహేనోసారికో ఎప్పటికో వచ్చింది. పాప లేచి, నా భుజం మీద పడిన వేపాకు ఒకటి తీసేసి లోపలికి పోయింది.

26 ఫిబ్రవరి, బుధవారం, మహాశివరాత్రి

సాయంత్రం నాలుగు గంటలకు ప్రభ కదలాలి. రంగు కాగితాలు, బల్బులు కట్టి నిలబెట్టారు. ఊరంతా ఉంది. వెంకట్రామయ్య నాకు శాలువా కప్పి, మైకులో కేక పెట్టాడు. "మలేషియాని గెలిచిన కూతురిని కన్న తండ్రి! మన ఊరి సొత్తు! ఇప్పుడు సైదులు విరుపు!" జనం ఈలలు. సన్మానానికి కడియం పెట్టుకు రమ్మన్నాడు. పెట్టుకోలేదు.

హసీనా, పాప ముందు వరసలో ఉన్నారు. పాప ఫోను ఎత్తి పట్టుకుని ఉంది, వీడియో తీస్తోందనుకున్నాను.

తోడి ఎత్తుకున్నాను. గాంధారం. మధ్యమం. ధైవతం. డోలు అతను కర్ర ఎత్తాడు, ఖాళీ కోసం. నేను ఆగలేదు. పంచమం మీద వాలాను. అతని దెబ్బ సరిగ్గా దాని నడినెత్తిన పడింది. అతను నా వంక బిత్తరపోయి చూశాడు. నాకు ఊపిరి చాల్లేదు, చివర్లో పంచమం కొంచెం వణికింది. అయినా నిలిచింది. మధ్యమానికి దిగాను.

ఎవరూ ఈల వెయ్యలేదు. ఎవరో, "పాపం, ముసలోడైపోయాడు" అన్నారు. వెంకట్రామయ్య నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏంది సైదులన్నా, అక్కడ ఆపడం మర్చిపోయావే?"

"మైకు ఇటివ్వు" అన్నాను.

ఇచ్చాడు. నేను ఏనాడూ మైకులో మాట్లాడినవాణ్ణి కాదు. పేపరు మీద కూడా రాసుకోలేదు. "ఈ మలుపు నాది కాదు. నా చెల్లెలు జైనాబ్ బీది. శావల్యాపురం. నేను తడిక చాటున విని తెచ్చుకున్నా. అది కూడా తప్పు విన్నా. నలభై ఏళ్ళు తప్పే ఊదా. ఇప్పుడు ఊదిందే సరైంది" అన్నాను. వెనక వీధిలో ట్రాక్టరు మీద ఇంకో పాటల పెట్టె మోగుతోంది, ఎంతమందికి వినపడిందో తెలియదు. "ఏమన్నాడు, ఏమన్నాడు" అనుకున్నారు. భావన చప్పట్లు కొట్టింది. ఒక్కతే. తర్వాత ఇంకో నలుగురు. వెంకట్రామయ్య మైకు తీసుకుని, "సరే, సరే, ప్రభ కదలాల" అన్నాడు. కదిలింది.

ప్రభ ఊరు దాటాక పాప దగ్గరికి వచ్చింది. అది వీడియో కాదట. శావల్యాపురానికి ఫోను కలిపి పట్టుకుందట.

"అత్త విన్నదా?"

"విన్నది నాయనా. పంచమం అయిపోగానే కట్ చేసింది."

అంటే మైకులో నేను చెప్పిందేదీ వినలేదు.

"మళ్ళీ ఫోను చెయ్యనా?" అంది పాప. వద్దన్నాను. నా మాట నేనే చెప్పాలి.

శావల్యాపురానికి సరైన బస్సు లేదని ఈ డైరీలోనే రాశాను. మొన్న ఎక్కి వెళ్ళినవాణ్ణే. పొద్దున్న ఏడున్నర నుంచి గంటకొకటి ఉంది.